బండ మీద బిస్కెట్ కాగితం

చి॥ మాధవికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోను చేసింది. "అక్కా, ఇది స్నేహితురాలితో కలిసి పెరూ వెళ్తుందట, అడవిలో ఏదో జలపాతం చూడడానికి. నువ్వైనా చెప్పి మాన్పించు" అంది. ఏ జలపాతమే అని అడిగితే గొక్తా అంది. ఇక నేనేం మాన్పిస్తాను? 2014లో అరవై ఏళ్ల వయసులో, మోకాళ్ల నొప్పులున్న మీ పెదనాన్నను లాక్కుని అక్కడికి వెళ్లినదాన్ని. మన ఇంట్లో నా తర్వాత ఆ దారిలో నడవబోయేది నువ్వేనని లోలోపల పొంగిపోయాను కూడా. మీ అమ్మతో మాత్రం అనకు.

ముందు చిల్లర సంగతులు. ఎల్లో ఫీవర్ టీకా బయలుదేరడానికి కనీసం పది రోజుల ముందే వేయించుకో. ఆ ధ్రువపత్రం లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే ఆపేస్తారు. జీన్సు వద్దు, తడిస్తే ఆరి చావదు. జూలై మంచి నెలే. వానలు తక్కువ, ధార కాస్త సన్నబడి ఉంటుంది, అంతే. చాచపోయాస్ 2,300 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, అక్కడ ఒక రాత్రి నిద్రపోయి కదలండి. జలపాతం దగ్గరి ఊరు కొకాచింబాలో గైడును మాట్లాడుకోండి. అతని కూలి దగ్గర బేరాలాడావని తెలిసిందో, నేనూరుకోను.

ఇక అసలు విషయం. గొక్తా కొకాచింబా ఊళ్లోంచే కనిపిస్తుంది. మోసమంతా అక్కడే ఉంది. 771 మీటర్లు, రెండు అంచెలు. మన తలకోనలాంటివి తొమ్మిది పేర్చినా దాని తలను అందుకోలేవు. అంత పెద్దది కాబట్టి ఎంత దూరంలో ఉన్నా పక్కనే ఉన్నట్టుంటుంది. ఊరివాళ్లకు అది ఎప్పటినుంచో తెలిసినదే. 2002లో స్టెఫాన్ జీమెన్‌డార్ఫ్ అనే జర్మన్ చూసి, 2006లో దాని ఎత్తు లోకానికి చెప్పాకే బయటివాళ్లు రావడం మొదలైంది. ఆ నీళ్లలో జలకన్య ఉంటుందని భయపడి పూర్వం ఎవరూ దగ్గరకు వెళ్లేవారు కాదట. ఆ కథ విని ఆరోజు నవ్వాను.

మేము పొద్దున్న కాఫీలు, కబుర్లు అయ్యేసరికి పదకొండు. దారి ఒక్కటే కదా, గైడెందుకు అన్నది నేనే. ఒకవైపే అయిదు కిలోమీటర్ల పైన, అంతా ఎక్కుడు దిగుడు. రెండు గంటలు నడిచాక ఒక వాగు పక్కన బండ మీద మీ పెదనాన్న కూలబడ్డారు. "ఇక చాలు, వెనక్కి పోదాం" అన్నారు. నేను చెయ్యి చూపించి, "అదిగో కనిపిస్తూనే ఉంది. మీరిక్కడే కూర్చోండి, గంటలో వచ్చేస్తాను" అన్నాను. మా ఇద్దరికీ ఉన్నది ఒక్కటే సంచి. టార్చి, రెయిన్‌కోట్లు, నీళ్లు అన్నీ అందులోనే. దాన్ని నా భుజానికే తగిలించుకుని, ఆయన చేతిలో సగం బిస్కెట్ ప్యాకెట్ పెట్టి వెళ్లిపోయాను.

దారి పొడవునా వృక్షశాస్త్రం టీచరు బుద్ధి పోనిచ్చుకోలేదు. ఆ చెట్ల కొమ్మల మీద మన అనాస చుట్టాలు, బ్రొమీలియాడ్లు, కూర్చుని ఉంటాయి. ఆకుల నడుమ దొన్నెలో నీళ్లు పట్టుకుంటాయి. ఒకదాన్ని వంచి చూస్తే అందులో పురుగులు ఈదుతున్నాయి. వాన లేకపోయినా ప్రతి ఆకు చివరా చుక్క. అమెజాన్ వైపునుంచి వచ్చే తడిగాలి కొండెక్కి మబ్బవుతుంది, ఆ మబ్బును చెట్లే పిండుకుంటాయి. ఇదంతా పిల్లలకు ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. ఆ మబ్బు మధ్యాహ్నానికి దారి మీదికే దిగుతుందని మాత్రం నాకు తట్టలేదు.

జలపాతం కిందికి చేరాను, నిలువునా తడిశాను. తిరిగి బండ దగ్గరికి వచ్చేసరికి నాలుగు దాటింది, పది అడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. బండ ఖాళీ. దాని అంచున ఒక రాయి కింద బిస్కెట్ కాగితం ఉంది.

నన్ను వెతుక్కుంటూ లోపలికి వచ్చారేమో, దారిలో జారారేమో అనుకున్నాను. వెనక్కి వెళ్లి అరిచాను, మళ్లీ ఇటు వచ్చి అరిచాను. పొగమంచులో గొంతు ముందుకు సాగదే అమ్మడూ. అక్కడ మన ఊళ్లోలా సంధ్య మెల్లగా రాదు, ఆరు దాటగానే గప్పున చీకటి. ఎనిమిదింటికి ఊరివాళ్లు లాంతర్లతో వచ్చారు. వాళ్లను పంపింది ఆయనే. చలికి ఆగలేక మెల్లగా ఊరికి నడిచారట. ఎటు వెళ్లారో నాకు తెలియాలని కాగితాన్ని ఊరివైపు అంచున పెట్టారట. ఎవరైనా అడిగితే, "జలపాతం సంగతి మీ పెద్దమ్మను అడగండి, నేను చూసింది బండే" అనేవారు. కాగితం సంగతి మాత్రం పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. నేనూ ఇప్పుడే చెప్పడం.

అందుకని, ఎనిమిదికల్లా దారిలో ఉండండి. ఒంటిగంటకు ఎక్కడున్నా సరే, జలపాతం నూరు గజాల్లో ఉన్నా సరే, వెనక్కి తిరగండి. ఎవరి టార్చి వాళ్ల సంచిలో ఉండాలి. నీ స్నేహితురాలు కాళ్లు నొప్పులంటే నువ్వూ అక్కడే ఆగు. గొణుక్కుంటే గొణుక్కో, ఆగు. గయీతో అనే ఎర్రటి పక్షి ఉంటుంది, పెరూ జాతీయ పక్షి. తల వంచుకుని నడిచాను కాబట్టి నాకు కనపడలేదు. నువ్వు చూసి ఎలా ఉందో చెప్పు.

అక్కడికన్నా మన గడియారం పదిన్నర గంటలు ముందు. మీరు నాలుగింటికి ఊళ్లోకి దిగితే నాకు తెల్లవారుజామున రెండున్నర. పెద్దమ్మ నిద్రపోతుంటుందిలే అనుకోకుండా ఫోను చెయ్యి. ఒక్క రింగుకే ఎత్తుతాను.

నీ పెద్దమ్మ