వినబడని పిల్లలకు చదువు చెప్పబోతున్న మా పాపకు

పాపా,

నువ్వు బీఈడీలో స్పెషల్ ఎడ్యుకేషన్, అందులోనూ వినికిడి లోపం విభాగం తీసుకుంటానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్తున్నంతసేపూ ఆమె గొంతులో భయమే. నాకు సంతోషం పట్టలేదు. ఫోన్ పెట్టేశాక నాకూ భయం మొదలైంది. మన ఇంట్లోంచి ఇంకొకరు ఈ పనిలోకి వస్తున్నారన్న గర్వం ఒక పక్క, నీ తొందర తెలుసు కాబట్టి గుబులు ఇంకో పక్క. అనంతపురం నుంచి ప్రొద్దుటూరు వచ్చి చెప్పొచ్చు గానీ, నోటితో చెప్తే "సరే పెద్దమ్మా" అని ఊరుకుంటావు. కాగితం మీద ఉంటే మళ్లీ మళ్లీ చూసుకుంటావు.

కాగితాల పని ముందు. ఇంటర్ మీద రెండేళ్ల డీఈడీ, డిగ్రీ మీద రెండేళ్ల బీఈడీ. నీకు డిగ్రీ అయింది కాబట్టి రెండోదే. బయట బోర్డు చూసి ఏ కాలేజీలోనూ ఫీజు కట్టొద్దు. రిహాబిలిటేషన్ కౌన్సిల్, అదే ఆర్‌సీఐ, వాళ్ల వెబ్‌సైట్లో అనుమతి ఉన్న సంస్థల జాబితా ఉంటుంది. అందులో కాలేజీ పేరు ఒక్కటే కనబడితే చాలదు. నువ్వు చేరే కోర్సు, వినికిడి లోపం విభాగం, నువ్వు చేరే విద్యా సంవత్సరం, మూడూ అనుమతిలో ఉండాలి. అదే కాలేజీకి మేధో వైకల్యం విభాగంలో అనుమతి ఉండి, మన విభాగానికి గడువు తీరిపోయి ఉండొచ్చు. అట్లా చేరితే చేతికి పట్టా వస్తుంది గానీ సీఆర్‌ఆర్ నంబరు, అంటే ఆర్‌సీఐ రిజిస్టరులో పేరెక్కిన నంబరు, రాదు. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఆ రిజిస్ట్రేషన్ లేకుండా ఈ పని చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నంబరు వచ్చాక ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, దానికి శిక్షణలకు పోయి పాయింట్లు పోగేసుకోవాలి. పదో తరగతి సర్టిఫికెట్లో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఈ వారంలోనే చూసుకో. టెట్‌లో మనకు పేపర్లు వేరే: చిన్న తరగతులకు 1-బి, పై తరగతులకు 2-బి.

ఉద్యోగం రాదేమోనన్నది మీ అమ్మ దిగులు. ప్రాథమిక బడుల్లో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక టీచరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులోనే చెప్పింది. మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలున్నాయి, మా అనంతపురం జిల్లాలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల బడులున్నాయి. పనికి కొరత లేదని ఆమెకు నేనే చెప్తాలే.

ఇక చెవి మిషన్ల సంగతి. ఇక్కడ మాత్రం నిదానంగా చదువు. పిల్లోడి చెవికి మిషన్ ఉందంటే వాడికి వినబడుతోందని అందరూ అనుకుంటారు. అది పని చేస్తోందో లేదో రోజూ పొద్దున్నే, మొదటి గంట కాకముందే చూడాల్సింది నువ్వు. స్టెతోక్లిప్, అదే మిషన్ శబ్దం మనం వినడానికి డాక్టరు స్టెతస్కోపులా ఉండే గొట్టం, పెట్టుకుని నీ చెవితో విను. గరగరలాడుతోందా, తెగి తెగి వస్తోందా, కేబుల్ కదిలిస్తే ఆగిపోతోందా అన్నది తెలిసిపోతుంది. బ్యాటరీని టెస్టర్‌లో పెట్టు. ఎక్కువ పవర్ మిషన్లకు నీలం స్టిక్కరుండే 675, మామూలు వాటికి నారింజ స్టిక్కరుండే 13 సైజు వాడతారు. స్టిక్కరు తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు వేయాలి. తీసిన స్టిక్కరు మళ్లీ అతికించినా బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది. పాత బ్యాటరీలు లెక్కబెట్టి నీ దగ్గరే డబ్బాలో పెట్టుకో. చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది, ఈ విషయంలో నాకు నిద్ర పట్టనంత భయం.

తర్వాత ఆరు శబ్దాల పరీక్ష: ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. నోరు కనబడకుండా, ముందు దగ్గర్నుంచి, తర్వాత రెండు మూడు మీటర్ల దూరం నుంచి అనాలి. ఒకే వరసలో అనొద్దు, ఒకే వ్యవధిలో అనొద్దు, పిల్లలు ఆ లెక్క పట్టేసి చెయ్యెత్తుతారు. నిన్నటిదాకా ష్, స్ విన్న బిడ్డ ఈ రోజు వినలేదంటే ట్యూబులో గుబిలో చెమట చుక్కో అడ్డుపడి ఉంటుంది. మ్, ఊ పోయాయంటే అచ్చు, అంటే చెవి కొలతకు పోసి చెవిలో పెట్టే ముక్క, వదులైందేమో చూడు. మన ఎండల్లో చెమట ఈ మిషన్లకు పెద్ద శత్రువు. అచ్చును మిషన్ నుంచి విడదీసి సబ్బు నీళ్లతో కడిగి, బ్లోయర్‌తో ట్యూబులో తడి ఊది, ఆరాకే తగిలించాలి. రాత్రి బ్యాటరీ తీసేసి, సిలికా జెల్ వేసిన బిగుతు మూత డబ్బాలో పెట్టమని తల్లికి చేసి చూపించు.

మిషన్ కూత పెడుతోందని సౌండు తగ్గించే టీచర్లున్నారు. అట్లా ఎప్పుడూ చేయొద్దు. కూతకు కారణం దాదాపు ఎప్పుడూ అచ్చు దగ్గరే ఉంటుంది: సరిగ్గా కూర్చోకపోవడం, గుబిలి, ట్యూబు పగులు, లేదా బిడ్డ పెరిగి అచ్చు చిన్నదైపోవడం. ఐదేళ్లలోపు పిల్లలకు కొన్ని నెలలకే అచ్చు మార్చాల్సి వస్తుంది. సౌండు తగ్గిస్తే కూత ఆగుతుంది, బిడ్డకు మాట కూడా ఆగుతుంది. పాకెట్ మిషన్ల కాలంలో ఇంకా కష్టంగా ఉండేది. ఛాతీ మీద గుడ్డసంచిలో పెట్టుకుంటే చొక్కా రాపిడే చెవిలో హోరు, మైకులో సంగటి మెతుకులు. అయినా పిల్లలు ఆ సంచులను ఎంత భద్రంగా చూసుకునేవాళ్లో.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. మన వృత్తిలో తరతరాలుగా సాగుతున్న తప్పు ఒకటుంది. బోర్డు మీద పాఠం రాయడం, పిల్లలు ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకోవడం, "అర్థమైందా?" అంటే అందరూ తల ఊపడం, టీచరు తర్వాతి పాఠానికి పోవడం. నోటుపుస్తకం చూసి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు, తల్లిదండ్రులు మురిసిపోతారు. ఆ బిడ్డ పదో తరగతికి వచ్చినా తన ఇంట్లో నిన్న ఏం జరిగిందో నాలుగు వాక్యాలు సొంతంగా రాయలేడు. తప్పు వాడిది కాదు. వినబడే పిల్లలు బడికి వచ్చేసరికే తెలుగు వాళ్ల దగ్గరుంటుంది, బడి దానికి అక్షరం తొడుగుతుంది. మన పిల్లల్లో చాలామంది ఏ భాషా చేతికందకుండానే వస్తారు. భాష లేనిచోట రాత నేర్పితే అది బొమ్మ గీయడమే అవుతుంది.

తల ఊపడాన్ని అసలు నమ్మొద్దు. నీకు ఆ అలవాటుంది, ఎదుటివాళ్లు ఊ అంటే చాలు ముందుకు పోతావు. మన పిల్లలు టీచరు ముఖం చూసి ఏ జవాబు కావాలో పట్టేస్తారు. అందుకే అర్థమైందా అని అడగొద్దు, పని చెప్పు. చీటీ మీద "పెన్ను గిన్నె కింద పెట్టు" అని రాసి ఇవ్వు. వాక్యం చదివినవాడు కింద పెడతాడు, పెన్ను, గిన్నె అనే రెండు మాటలు మాత్రమే గుర్తుపట్టినవాడు గిన్నెలో వేస్తాడు. ఊహకు అందని పని చెప్తేనే లోపల ఎంత ఉందో బయటపడుతుంది.

భాష ఎక్కించాలంటే ముందు అనుభవం, తర్వాత మాట, చివర రాత. ఒక పాఠం చెప్తా, ఇట్లాంటివి నువ్వే అల్లుకోవచ్చు. తరగతికి ఒక శేరు పచ్చి చెనిక్కాయలు తీసుకుపో. బోర్డు మీద ఏమీ రాయకు. పిల్లలతోనే ఒలిపించు, ఒకడు కాయ పగలగొట్టలేక నీ వైపు చూస్తాడు, ఆ క్షణంలో "గట్టిగా ఉంది" అను, సైగ కూడా చెయ్యి. పెనంలో వేయించండి, ఒకమ్మాయి వేడి గింజ పట్టుకుని చెయ్యి విదిలిస్తుంది, "కాలింది" అను. మాట కావాల్సిన క్షణంలో అందితేనే నిలుస్తుంది. తిన్నాక ఒక్కొక్కరితో బొమ్మ వేయించు. బొమ్మ గురించి బిడ్డ సైగ చేసినా, సగం మాటలో చెప్పినా, దాన్ని నువ్వు నిండు వాక్యం చేసి వాడి పేరుతో కింద రాయి. మర్నాడు ఆ వాక్యాల చీటీలు కలిపేసి వరసలో పెట్టించు. మూడో రోజు "ఒలిచాడు" తీసేసి "రేపు ఒలుస్తాడు" పెట్టు. మన పిల్లలు ఎక్కువగా జారవిడిచేది మాట చివర్లే. "రవి బడి పో" అని రాస్తారు, ఎందుకంటే "కి, లో, తో, నుంచి" పెదాల మీద కనబడవు, మిషన్‌లోనూ సన్నగా వస్తాయి. వాటిని వ్యాకరణం పట్టికగా కాకుండా ఇట్లా పనిలోంచి రప్పించు. ఒక్క చెనిక్కాయల పాఠం వారం పట్టినా పట్టనీ. సిలబస్ వెనకబడిందని ఎవరైనా అంటే పడు.

పెదాలు చూసి అంతా అర్థం చేసుకుంటారని కూడా అనుకోవద్దు. అద్దం ముందు గొంతు లేకుండా పాట, బాట, మాట అని చూడు, మూడూ ఒకటే. కాలి, గాలి అసలు కనబడవు. చిన్న కాగితం ముక్క పెదాల ముందు పెడితే "ప"కు ఎగురుతుంది, గొంతు మీద చెయ్యి పెడితే "బ" అదురుతుంది, ముక్కు పక్కన వేలు పెడితే "మ" తెలుస్తుంది. మాట నేర్పేటప్పుడు ఇవి పనికొస్తాయి. కిటికీ వెనక పెట్టుకుని నిలబడొద్దు, వెలుగు నీ ముఖం మీద పడాలి. బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దు, అరవొద్దు, అరిస్తే పెదాల ఆకారం చెడుతుంది. ఆ ముఖం మీద పడే జుట్టు కట్టుకో తల్లీ, ఎన్నిసార్లు చెప్పానో.

సైగలు చేస్తే మాట రాదని చెప్పేవాళ్లు నీకు ఇంకా తగుల్తారు. 1880లో మిలాన్‌లో టీచర్ల మహాసభ కూర్చుని బడుల్లో సైగలు వద్దని తీర్మానించింది, ప్రపంచమంతా పిల్లల చేతులు కట్టేసింది. 2010లో వాంకూవర్ సభ ఆ తీర్మానాన్ని తోసిపుచ్చి విచారం ప్రకటించింది. మధ్యలో 130 ఏళ్ల పాటు పిల్లలు నష్టపోయారు. కాబట్టి కోర్సులో చెప్పే కొద్దిపాటి సైగలతో ఆగకు. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం నిఘంటువులో పదివేలకు పైగా మాటలు వీడియోలుగా ఉన్నాయి. అవి మాటలకే. వాక్యం రావాలంటే వినబడని పెద్దవాళ్లతో కూర్చోవాలి. వాళ్ల భాషకు సొంత వ్యాకరణం ఉంది, ప్రశ్న మాట చివర వస్తుంది, కనుబొమ్మలు కూడా మాట్లాడతాయి. నోటితో తెలుగు, చేతులతో సైగలు ఒకేసారి చేస్తే రెంటిలో ఒకటి చెడుతుంది, ఎక్కువగా చెడేది సైగలే.

తల్లుల విషయంలో ఒక్కమాట. మన వైపు మేనరికాలు ఎక్కువ, పుట్టు చెవుడుకు అదొక కారణమని నువ్వు చదువుకుంటావు. చదివిన కొత్తలో దాన్ని తల్లి ముఖం మీద అనొద్దు. ఆమెను అత్తగారింట్లో ఇప్పటికే చాలా అని ఉంటారు. అదే ఇంట్లో తర్వాతి బిడ్డ పుడితే నెల లోపు వినికిడి పరీక్ష, అనుమానముంటే మూడు నెలల్లోపు బెరా, అంటే శబ్దానికి చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసే పరీక్ష, ఆరు నెలలకల్లా మిషన్, శిక్షణ. ఆ దారి చూపించు. వైకల్య ధ్రువపత్రం కోసం సదరం స్లాటు, వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ, వీటి కాగితాలు నువ్వే దగ్గరుండి నింపించు.

స్టెతోక్లిప్, టెస్టర్, బ్లోయర్ నువ్వు కొనొద్దు, నేను పంపిస్తా. మొదటి సెమిస్టర్ సెలవులకు వచ్చినప్పుడు నాతో ఒక పూటంతా నోరు తెరవకుండా చేతులతోనే మాట్లాడాలి. అన్నం కావాలన్నా, అలిగినా అంతే. తప్పులు నేను దిద్దుతా.

నీ పెద్దమ్మ