ఈసీహెచ్ఎల్‌కి పంపించేశారు, హాకీ మానిపించి చదువులో వెయ్యాలా? ఒక తండ్రికి జవాబు

ప్రశ్న (కాస్త కుదించి ఇస్తున్నా): మాది ఒంగోలు దగ్గర, పాతికేళ్లుగా కాల్గరీలో ఉంటున్నాం. మా అబ్బాయికి 21 ఏళ్లు, ఐస్ హాకీలో లెఫ్ట్ వింగ్. జూనియర్‌లో డబ్ల్యూహెచ్ఎల్‌లో నాలుగు సీజన్లు ఆడాడు, ఆఖరి ఏడాది గోల్స్ బాగా కొట్టాడు. అన్నిటికన్నా పై ప్రో లీగ్ ఎన్‌హెచ్ఎల్ డ్రాఫ్ట్‌లో (క్లబ్‌లు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకునేది) ఐదో రౌండ్‌లో తీసుకున్నారు, మూడేళ్ల ఎంట్రీ లెవెల్ (కొత్తవాళ్లకిచ్చే మొదటి) కాంట్రాక్ట్ ఇచ్చారు, ఇది రెండో ఏడాది. ఈ సీజన్ దాని కింది లీగ్ ఏహెచ్ఎల్‌లో 17 మ్యాచ్‌లకి ఒక్కటే గోల్, కొన్ని మ్యాచ్‌లకి అసలు జట్టులోకే తీసుకోలేదు, డిసెంబర్‌లో ఇంకా కింది లీగ్ ఈసీహెచ్ఎల్‌కి పంపించేశారు. ఫోన్ ఎత్తడం కూడా తగ్గించేశాడు. మానేసి యూనివర్సిటీలో చేరమని నేనంటున్నా, వాళ్లమ్మ ఇంకో ఏడాది చూద్దాం అంటోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు:

ముందు ఒక్క మాటండి, ఈ నిర్ణయం జనవరిలో తీసుకోకండి. సీజన్ మధ్యలో మానేస్తే మీకు కలిసొచ్చేది ఏమీ లేదు, క్యాంపస్‌లో ఫుల్‌టైమ్‌గా చేరాలంటే ఎక్కువగా సెప్టెంబరే, పైగా చేతిలో వచ్చే సీజన్ చివరిదాకా కాంట్రాక్ట్ ఉంది. ఒక ఎన్‌హెచ్ఎల్ క్లబ్ ఒకేసారి 50 మందికి మించి ప్లేయర్ కాంట్రాక్టులు పెట్టుకోకూడదు, ఆ యాభైలో ఒకటి మీవాడి మీద ఖర్చు పెట్టారంటే వాళ్లకి వాడిలో ఏదో కనపడింది. అది ఏంటో, ఇప్పుడు ఎక్కడ ఆగిపోయిందో కనుక్కోవడమే ఈ మూడు నెలల పని.

ఈసీహెచ్ఎల్‌కి పంపడం డిమోషనేనా అంటే అవును, ఒక మెట్టు కిందకే, అది కాదని నేను మీకు చెప్పను. ఎన్‌హెచ్ఎల్‌లో 32 టీములు, వాటి కింద ఒక్కోదానికి ఒకటి చొప్పున ఏహెచ్ఎల్‌లో 32, దాని కింద ఈసీహెచ్ఎల్. ఇప్పుడు ఎన్‌హెచ్ఎల్‌లో ఆడేవాళ్లలో దాదాపు 90 శాతం మంది ఏహెచ్ఎల్ దాటి వచ్చినవాళ్లే, అందుకే అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి, ఈసీహెచ్ఎల్ పేరు వినగానే ఇంట్లో వాళ్లకి గుండె జారుతుంది. కానీ ఎందుకు పంపారు అన్నదాంట్లో చాలా తేడా ఉంది, తెలుసుకోకుండా బాధపడుతున్నారు మీరు.

ఏహెచ్ఎల్ మ్యాచ్‌లో గోలీలు కాకుండా 18 మందే దిగుతారు. అందులో 13 మంది డెవలప్‌మెంట్ ప్లేయర్లు ఉండాలి, ఆ పదమూడులో పన్నెండు మంది ప్రో మ్యాచ్‌లు 260కి మించి ఆడి ఉండకూడదు అని లీగ్ రూలే ఉంది. అంటే కుర్రాళ్లకి చోటు ఉంది, కానీ ఆ చోటు కోసం పోటీ కూడా కుర్రాళ్ల మధ్యే. పైన ఎన్‌హెచ్ఎల్ టీమ్‌లో ఇద్దరు ఫార్వర్డ్‌లకి దెబ్బలు తగిలితే కిందనుంచి ఇద్దరు పైకి వెళ్తారు, వాళ్లు కోలుకుని తిరిగొచ్చేసరికి మళ్లీ ఇద్దరు దిగొస్తారు, ఆ దిగొచ్చినవాళ్లు మీవాడి లైన్‌లో (కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లలో) కూర్చుంటారు. అప్పుడు కోచ్ ముందు రెండు దారులుంటాయి, మీవాణ్ని స్టాండ్స్‌లో సూట్ వేయించి కూర్చోబెట్టడం, లేదా కింద మ్యాచ్‌కి పద్దెనిమిది నిమిషాలు ఆడుకోమని పంపడం. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడికి రెండోదే మంచిదని నేను గట్టిగా నమ్ముతా.

ఇక గోల్స్ ఎందుకు ఆగిపోయాయి అన్నది, ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి ఎందుకంటే మీ బాధంతా ఇక్కడే ఉంది. జూనియర్‌లో మీవాడు ఆడింది 16 నుంచి 20 ఏళ్ల పిల్లలతో, పవర్ ప్లేలో (అవతలివాళ్లలో ఒకడు పెనాల్టీతో బయట ఉన్నప్పుడు) వాడే ఉండేవాడు, ఒక తప్పు చేసినా మళ్లీ వెంటనే ఐస్ మీదకి పంపేవాళ్లు. ఏహెచ్ఎల్‌లో ఎదురుగా ఉండేది ఇరవై ఎనిమిదేళ్ల మగవాళ్లు, అండర్-19లో సెంచరీలు బాదిన కుర్రాడు మొదటి రంజీ సీజన్‌లో తడబడినట్టే ఇది కూడా. పక్ (ఐస్ హాకీలో బంతికి బదులు ఉండే బిళ్ల) అందుకున్నాక ఆలోచించుకోడానికి జూనియర్‌లో ఉన్న ఆ అర సెకను ఇక్కడ ఉండదు. పైగా అందరికన్నా తక్కువసేపు దిగే ఫోర్త్ లైన్‌లో ఎనిమిది నిమిషాలిచ్చి కోచ్ అడిగేది గోల్స్ కాదు. వింగర్‌ని ముందు చూసేది ఏంటంటే, మన జోన్‌లో బోర్డ్స్ (రింక్ చుట్టూ ఉండే గోడ) పక్కన పక్ వాడికి వచ్చినప్పుడు అవతలి డిఫెన్స్‌మన్ మీదకి దూసుకొస్తుంటే భయపడకుండా నిలబడి, దెబ్బ తిని అయినా సరే, ఆ పక్‌ని మన జోన్ హద్దైన బ్లూ లైన్ దాటించగలుగుతున్నాడా లేదా. అది పదిసార్లలో తొమ్మిదిసార్లు చెయ్యగలిగినవాడిని కోచ్ మూడో పీరియడ్‌లో ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నప్పుడు కూడా దింపుతాడు, ఆరుసార్లే చేసేవాణ్ని బెంచ్ మీద కూర్చోబెడతాడు, వాడికి ఎంత మంచి షాట్ ఉన్నా. ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూసే మనకి ఇది కనపడదు, స్కోర్ షీట్‌లో ఉండదు, మనం చూసేది గోల్స్, అసిస్ట్స్ రెండే. తర్వాత స్కేటింగ్‌లో మొదటి మూడు అడుగుల వేగం, తర్వాత పెనాల్టీ కిల్‌లో (మనవాడు ఒకడు పెనాల్టీతో బయట ఉన్నప్పుడు) స్టిక్ ఎక్కడ పెడుతున్నాడు, ఇవి. వీటన్నిటికీ ఐస్ మీద టైమ్ కావాలి, ఎనిమిది నిమిషాల్లో తప్పు చేస్తానేమో అన్న భయం తప్ప ఇంకేమీ పెరగదు.

అందుకని మీవాణ్ని గోల్స్ ఎన్ని అని అడక్కండి. నిమిషాలు ఎన్ని ఆడుతున్నావు, పవర్ ప్లే, పెనాల్టీ కిల్ రెండిట్లో దేంట్లో పెడుతున్నారు, పంపేటప్పుడు ఫలానాది సరిచేసుకుని రా అని ఏం చెప్పారు, క్లబ్ డెవలప్‌మెంట్ కోచ్ నీ షిఫ్టుల (ఐస్ మీదకి దిగిన విడతల) వీడియో ఎప్పుడెప్పుడు కూర్చోబెట్టి చూపిస్తున్నాడు, ఇవి అడగండి. ఈ జవాబులు వాడి దగ్గర లేకపోతే వాడే కోచ్‌ని అడగాలి, లేకపోతే ఏజెంట్ క్లబ్‌ని అడగాలి. మీరు మాత్రం కోచ్‌కి ఫోన్ చెయ్యకండి, స్కూల్ పేరెంట్ మీటింగ్ కాదు ఇది, వాడికి డ్రెస్సింగ్ రూమ్‌లో తలెత్తుకోలేని పరిస్థితి వస్తుంది. కింద కూడా పది నిమిషాలే ఇస్తున్నారు, క్లబ్ నుంచి ఎవరూ మాట్లాడట్లేదు అని తేలితే అప్పుడు నిజంగా ఆందోళన పడాల్సిన విషయమే, వేరే క్లబ్‌కి ట్రేడ్ అడిగే సంగతి ఏజెంట్‌తో మాట్లాడాలి.

ఈ దారిలో పైకి వచ్చినవాళ్లు ఉన్నారా అంటే ఉన్నారు. అలెక్స్ బరోస్‌ని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, ఈసీహెచ్ఎల్‌లో గ్రీన్‌విల్, బాటన్ రూజ్, కొలంబియా తిరిగాడు, అక్కణ్నుంచి ఏహెచ్ఎల్‌లో మానిటోబా మూస్‌కి, తర్వాత వాంకూవర్ కనక్స్‌కి. ఎన్‌హెచ్ఎల్‌లో 913 మ్యాచ్‌లు ఆడాడు, 2011 ప్లేఆఫ్స్‌లో షికాగో మీద సిరీస్ తేల్చే ఏడో మ్యాచ్‌లో గెలిపించిన ఓవర్‌టైమ్ గోల్ అతనిదే. మొదట్లో జట్టులో చోటు సంపాదించింది మాత్రం పెనాల్టీ కిల్లింగ్‌తో, అవతలివాళ్లకి చిరాకు పుట్టించే ఆటతో. యానీ గోర్డ్ కూడా డ్రాఫ్ట్ కాలేదు, శాన్ ఫ్రాన్సిస్కో, కాలమజూలో ఈసీహెచ్ఎల్ ఆడి, సిరక్యూస్‌లో ఏళ్ల తరబడి ఏహెచ్ఎల్ ఆడి, 2017-18లో టాంపా బేకి పూర్తి సీజన్ ఆడేసరికి పాతికేళ్లు దాటాయి, ఆ సీజన్‌లోనే 25 గోల్స్ కొట్టాడు, 2020లో, 2021లో ఎన్‌హెచ్ఎల్ ట్రోఫీ స్టాన్లీ కప్ ఎత్తాడు. మన దేశం మూలాలున్న కుర్రాళ్లలో వాంకూవర్ పక్కన సర్రీకి చెందిన అర్ష్‌దీప్ బైన్స్‌ని చూడండి, అతన్ని కూడా డ్రాఫ్ట్‌లో తీసుకోలేదు, 2021-22లో మీవాడు ఆడిన ఆ డబ్ల్యూహెచ్ఎల్‌లోనే పాయింట్లలో అందరికన్నా ముందున్నాడు, అయినా అబాట్స్‌ఫర్డ్‌లో ఏహెచ్ఎల్ నుంచే మొదలుపెట్టాడు, 2024 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్ఎల్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు, ఆ తర్వాత కూడా పైకీ కిందకీ తిరుగుతూనే ఉన్నాడు. 2025లో అబాట్స్‌ఫర్డ్ ఏహెచ్ఎల్ ట్రోఫీ కాల్డర్ కప్ గెలిచినప్పుడు ఆ జట్టులో అతనున్నాడు, అప్పటి కోచ్ మానీ మల్హోత్రా. డెట్రాయిట్ వాళ్లయితే కుర్రాళ్లని తమ ఏహెచ్ఎల్ జట్టు గ్రాండ్ రాపిడ్స్‌లో బాగా పండేదాకా ఉంచడం చాలాకాలం ఒక పద్ధతిగానే పెట్టుకున్నారు.

అయితే ఈ పేర్లు చూసి మీవాడు కూడా అంతే అనుకోవద్దండి. ఐదో రౌండ్‌లో తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఎన్‌హెచ్ఎల్‌లో స్థిరపడరు, ఇది మీకు ఇప్పుడే తెలియాలి, వాడికీ తెలుసు. నేను చెప్పేది ఏంటంటే ఇరవై ఒకటికి ఈసీహెచ్ఎల్‌లో ఉండటం అన్నది ఒక్కటే పట్టుకుని ఏదీ తేల్చలేం.

మరి ఎప్పుడు తేల్చాలి? వచ్చే సీజన్ చివర్లో, కాంట్రాక్ట్ అయిపోయేటప్పుడు. అప్పుడు క్లబ్ వాడి హక్కులు ఉంచుకోవాలంటే క్వాలిఫైయింగ్ ఆఫర్ ఇవ్వాలి, ఇవ్వకపోతే వాడు ఫ్రీ ఏజెంట్, అంటే ఏ క్లబ్‌కైనా వెళ్లొచ్చు. ఆఫర్ వచ్చిందా, ఈ ఏడాదికీ వచ్చే ఏడాదికీ ఏహెచ్ఎల్‌లో వాడికిచ్చే నిమిషాలు పెరిగాయా, దెబ్బలు ఎలా ఉన్నాయి, అన్నిటికన్నా ముఖ్యం పొద్దున్నే రింక్‌కి వెళ్లాలని వాడికి ఇంకా అనిపిస్తోందా, ఈ నాలుగూ పెట్టుకుని ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. ఆ ఆఖరిదానికి జవాబు లేదు అని వస్తే మిగతావి ఎంత బాగున్నా ఆపేయొచ్చు. అప్పటిదాకా మీ ఇంట్లో మానెయ్ అన్న మాట వినపడకూడదు, ఎందుకంటే ప్రతి మ్యాచ్‌నీ ఉద్యోగం ఇంటర్వ్యూలా ఆడే కుర్రాడు ఎప్పటికీ బాగుపడడు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తా. వాడిది టూ-వే కాంట్రాక్ట్, పైన ఆడిన రోజులకి ఒక లెక్క, మైనర్స్‌లో (ఏహెచ్ఎల్, ఈసీహెచ్ఎల్) ఉన్న రోజులకి ఇంకో లెక్క. ఎన్‌హెచ్ఎల్ కనీస జీతం 2025-26కి 7,75,000 డాలర్లు, ఎంట్రీ లెవెల్ వాళ్లకి మైనర్స్‌లో లక్షలోపే. ఏజెంట్ ఫీజు, ట్యాక్సులు, వేసవిలో ట్రైనర్ ఖర్చు పోగా మిగిలేది చూసుకుని ఏడాదికి కొంత పక్కన పెట్టించండి, కారు కొనిపించకండి.

ఫోన్ ఎత్తట్లేదు అన్నారు, నాకు గోల్స్ కన్నా దీని గురించే ఎక్కువ దిగులుగా ఉంది. మైనర్ లీగ్ అంటే శుక్ర, శని, ఆదివారాలు వరుసగా మూడు మ్యాచ్‌లు, మధ్యలో రాత్రంతా బస్సు, తెల్లారి మూడింటికి ఎవరూ తెలియని ఊళ్లో దిగడం. అలాంటప్పుడు మీ వాట్సాప్ మెసేజ్ స్కోర్ షీట్ ఫోటోతో వస్తే వాడు ఎందుకు ఎత్తుతాడండి. ఉగాది ఫంక్షన్‌లో నలుగురు మీవాడు ఇంకా పైకి వెళ్లలేదా అని అడుగుతారు, ఆ ప్రశ్నకి జవాబు మీరే చెప్పుకోండి, అది వాడి దాకా వెళ్లక్కర్లేదు. కొన్నాళ్లు వాళ్లమ్మని మాట్లాడనివ్వండి, తిన్నావా నిద్ర పట్టిందా అంతవరకే. నిద్ర పట్టట్లేదు, తినబుద్ధి కావట్లేదు, ఎవరితోనూ కలవట్లేదు అని తెలిస్తే మాత్రం ఆగొద్దు, ఎన్‌హెచ్ఎల్, ప్లేయర్స్ అసోసియేషన్ కలిసి నడిపే ప్లేయర్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ ఉంది, వివరాలు బయటికి రానివ్వరు, ఏజెంట్‌ని అడిగితే దారి చెప్తాడు. వీలైతే ఒక వారాంతం ఇద్దరూ వెళ్లి రండి, పప్పు, ఆవకాయ తీసుకెళ్లండి, ఆట గురించి వాడు ఎత్తితేనే మాట్లాడండి.

చదువు విషయంలో మీరు చెప్పింది సగం కరెక్ట్. మానేసి చదవాల్సిన పనిలేదు, ఆడుతూ మొదలుపెట్టాలి. ఆల్బర్టాలోనే ఉన్న అథబాస్కా యూనివర్సిటీ పూర్తిగా దూరవిద్యే, సొంతంగా చదువుకునే డిగ్రీ కోర్సులు ప్రతి నెలా ఒకటో తారీఖున మొదలవుతాయి, మూడు క్రెడిట్ల కోర్సుకి ఆరు నెలలు టైమ్ ఇస్తారు, బస్సులో చదువుకునే కుర్రాడికి ఇంతకన్నా అనువైనది నాకు తెలియదు. ఏడాదికి రెండు కోర్సులు చాలు, ఏ సబ్జెక్ట్ అన్నది వాణ్నే ఎంచుకోనివ్వండి. ఏహెచ్ఎల్, ఈసీహెచ్ఎల్ ఆటగాళ్ల యూనియన్ పీహెచ్‌పీఏలో కూడా చదువు, తర్వాతి ఉద్యోగం గురించి సాయం చేసేవాళ్లు ఉన్నారు. రేపు ప్రో ఆపేసినా హాకీ ఆగిపోదు, కెనడా యూనివర్సిటీల జట్లలో జూనియర్ నుంచి వచ్చినవాళ్లు బోలెడుమంది. గోలీ లోగన్ థాంప్సన్ జూనియర్ అయ్యాక ఒక ఏడాది బ్రాక్ యూనివర్సిటీకి ఆడి, తర్వాత ఈసీహెచ్ఎల్‌లో సౌత్ కరోలినాకి ఆడి ఎన్‌హెచ్ఎల్‌కి వెళ్లాడు. ఒకసారి ప్రోగా ఆడినవాళ్లకి యూనివర్సిటీ హాకీలో వేరే షరతులు ఉంటాయి, అవి చేరేముందు ఆ యూనివర్సిటీ దగ్గరే కనుక్కోవాలి.

ఈ వారంలో చెయ్యాల్సింది ఒకటి ఉంది. డబ్ల్యూహెచ్ఎల్‌లో ఆడిన ప్రతి సీజన్‌కీ ఒక ఏడాది చదువు ఖర్చు స్కాలర్‌షిప్‌గా ఇస్తారు, మీవాడివి నాలుగు సీజన్లు. కానీ దానికి గడువు ఉంటుంది, ప్రో కాంట్రాక్ట్ మీద సంతకం చేసినవాళ్లకి షరతులు ఉంటాయి, మీ కేసులో ఎంత మిగిలిందో అప్పట్లో సంతకం చేసిన పేపర్లు తీసి చూడండి, లీగ్‌కి మెయిల్ రాసి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఆ మెయిల్ మీరు రాయకండి, వాడి చేతే రాయించండి. జవాబు వచ్చాక నాకు పంపితే ఏ కోర్సుతో మొదలెట్టాలో ముగ్గురం కలిసి చూద్దాం.