కత్తెర ఇప్పుడే తీయొద్దు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. తోటలో అందానికి పెంచుకున్న గడ్డి దుబ్బులు ఎండుముఖం పట్టాయనీ, నేల గడ్డకట్టే చలి రాకముందే మొదలుకంటా కోసి శుభ్రం చేసేస్తాననీ రాశావు. కోయకు తల్లీ. మిగతాదంతా మరిచిపోయినా ఫర్వాలేదు, ఈ ఒక్కటి మాత్రం విను.

వచ్చే ఏడు పిలకలు వేసే మొగ్గలు దుబ్బు మొదట్లోనే, నేలను అంటిపెట్టుకుని ఉంటాయి. ఎండుటాకులు వాటిని దుప్పటిలా కప్పి చలి తగలనివ్వవు. ఇప్పుడు కోసేశావంటే కాడల మొదళ్లు తెరుచుకుని, వాననీరూ మంచు కరిగిన నీరూ నేరుగా దుబ్బు నడిమధ్యకు దిగుతాయి. ఆ నీరు రాత్రి గడ్డకడుతుంది, పగలు కరుగుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. దాంతో దుబ్బు లోపలినుంచి కుళ్లిపోతుంది. చలికి పోయిందనుకునే గడ్డి చాలాసార్లు తడికే పోతుంది. న్యూయార్క్‌లో పాత రైలు వంతెన మీద 2009లో తెరిచిన హైలైన్ తోటలో కూడా, మొక్కల అమరిక రూపొందించిన పీట్ ఔడాల్ఫ్ పద్ధతిలోనే, చలికాలమంతా ఎండుగడ్డిని నిలబెట్టి ఉంచి వసంతం మొదట్లో కోస్తారు. కంకుల్లో గింజలు పిట్టలు తింటాయి, దుబ్బుల్లో పురుగులు చలికాలం గడుపుతాయి. మంచు పట్టిన కంకుల మీద పొద్దుటి ఎండ పడితే ఎంత బాగుంటుందో నువ్వే చూస్తావు.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. ఎండాకాలం చివరికే నత్రజని ఎరువు ఆపేసి ఉండాలి. ఇంకా వేస్తుంటే ఈరోజే మానెయ్. ఆలస్యంగా వచ్చే లేత చిగురును తొలి మంచే కాల్చేస్తుంది. ఈ ఏడు నాటిన దుబ్బులకు వేళ్లు ఇంకా లోతుకు పోయి ఉండవు కాబట్టి, వానలు లేకపోతే నేల గడ్డకట్టేదాకా అప్పుడప్పుడూ బాగా లోతుకు దిగేలా నీళ్లు పెట్టు. వాటి చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులో చెక్కపొట్టో పరుచు. మొదలుకు మాత్రం ఆనించకు, కాస్త ఎడం వదులు. పాత దుబ్బులకు ఇదేమీ అక్కర్లేదు. నీళ్లు నిలిచే చోట ఉన్న దుబ్బు పక్కన చిన్న కాలువ తీసి నీరు బయటికి పోయేలా చెయ్యి. దారి మీద ఉప్పు చల్లి ఎత్తిపోసిన మంచును దుబ్బుల మీద కుప్ప పెట్టనివ్వకు.

బాగా ఎత్తుగా పెరిగిన మిస్కాంథస్ గడ్డి గాలికీ మంచు బరువుకీ వాలిపోతుంటే, నడుము దగ్గర జనపతాడుతో వదులుగా కట్టు. పంపాస్ గడ్డికైతే ఆకులన్నీ పైకి పోగుచేసి కట్టడం మంచిది, నడిమధ్యలోకి నీరు దిగదు. చేతులకు మందపాటి తొడుగులు వేసుకో. దాని ఆకు అంచు రంపమే.

నాకు ఎక్కువ దిగులు నీ కుండీల గురించే. నేలలో ఉన్న వేరుకు చుట్టూ మట్టి కాపు ఉంటుంది, కుండీలో ఉన్న వేరుకు నాలుగు వైపులా చలే. కుండీలను గోడవారకు చేర్చి, ఒకదానికొకటి ఆనించి, గోనెపట్ట చుట్టు. కుండీల కింద ఇటుక ముక్కలు పెడితే నీరు పోవడానికి దారి ఉంటుంది. ముదురు ఊదారంగు ఆకుల పెన్నిసెటమ్ గడ్డి ఉందన్నావుగా, అది గడ్డకట్టే చలికి తట్టుకోదు. దాన్ని కురచగా కోసి, మంచు చొరబడని చల్లని గదిలో వెలుతురున్న చోట పెట్టు, మట్టి పూర్తిగా ఎండిపోకుండా ఎప్పుడైనా కాసిని నీళ్లు చాలు. చోటు లేకపోతే వచ్చే ఏడు కొత్తది నాటుకో, బాధపడకు.

ఇప్పుడే కోయాల్సినవీ కొన్ని ఉన్నాయి. ఆకుల మీద తుప్పురంగు పొడి కనిపిస్తే ఆ ఆకులు తీసి పారెయ్, కంపోస్టులో వెయ్యకు. గింజలు రాలి తోటంతా మొలిచే రకమైతే కంకులు మాత్రం తుంచెయ్. ఇంటి గోడకు ఆనుకుని ఎండిపోయిన పెద్ద దుబ్బు ఉంటే, నిప్పు అంటుకునే భయం ఉన్న చోట దాన్ని నిలబెట్టి ఉంచొద్దు.

ఇక అసలు కోత చలికాలం చివర, కొత్త పిలక తల ఎత్తకముందు. మిస్కాంథస్, పానికమ్, చలికి తట్టుకునే పెన్నిసెటమ్ లాంటి గడ్డి రకాలు వేడి వచ్చాకే మేలుకుంటాయి. వాటిని ముందు తాడుతో కట్టగా బిగించి, నేలకు నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తులో కొయ్యి. కట్ట మొత్తం ఒక్కసారిగా చేతికొస్తుంది, ఏరుకునే పని ఉండదు. కాలమాగ్రోస్టిస్ గడ్డి చాలా ముందే చిగురిస్తుంది కాబట్టి దాని వంతు మొదటిది. నీలం ఫెస్క్యూనీ, ఏడాదంతా పచ్చగా ఉండే కారెక్స్‌నీ అసలు నున్నగా కోయకు. తొడుగు వేసుకున్న వేళ్లతో దువ్వితే ఎండు ఆకు ఊడి వస్తుంది, అంతే చాలు. మధ్యలో బోడిగా మారిన దుబ్బులు కనిపిస్తే అప్పుడే తవ్వి, బయటివైపు బలమైన ముక్కలు విడదీసి నాటు. వేడికి పెరిగే రకాలను ఇప్పుడు విడదీస్తే వేళ్లు పట్టుకునేలోపే చలి మీద పడుతుంది.

గేటు పక్కనున్న దుబ్బు ఏ రకమో నీ ఉత్తరంలో అర్థం కాలేదు. కంకి, మొదలు రెండూ కనిపించేలా ఫొటో పంపు, చూసి చెప్తాను. అప్పటిదాకా దాన్ని ముట్టుకోకు.

ప్రేమతో,
పెద్దమ్మ