వర్జీనియాలో మా 94వ నియోజకవర్గం: 11,608, 11,608

మీరు అడిగింది ఇది: "వర్జీనియాలో ఉంటున్నాను, ఈ మధ్యనే పౌరసత్వం వచ్చింది. అధ్యక్షుడికో గవర్నరుకో ఓటు వేయడం వరకు అర్థమవుతుంది గానీ, బ్యాలెట్‌లో కింద ఉండే రాష్ట్ర శాసనసభ అభ్యర్థులెవరో నాకు తెలియదు. ఆ వరుస ఖాళీగా వదిలేస్తే ఏమవుతుంది?" ఆ వరుసను ఒకసారి ఖాళీగా వదిలేసినవాడిని కాబట్టి, ఏమైందో వివరంగా రాస్తాను.

2017 నవంబరు 7న నేను అమెరికా పౌరుడిగా మొదటి ఓటు వేశాను. అప్పటికి నాలుగేళ్లుగా మేము న్యూపోర్ట్ న్యూస్‌లో ఉంటున్నాం. జేమ్స్ నది ఒడ్డు వెంట సన్నగా, పొడవుగా సాగిన నగరమది. విమానవాహక యుద్ధనౌకలను కట్టే ఓడల కర్మాగారం అక్కడ ఉండడం వల్ల, ఎవరిని కదిపినా వాళ్ల ఇంట్లో ఒకరైనా అక్కడ పనిచేసినవారే ఉంటారు. మా ఇల్లు రాష్ట్ర శాసనసభలోని దిగువ సభ అయిన హౌస్ ఆఫ్ డెలిగేట్స్ 94వ నియోజకవర్గంలో ఉండేది. మన దగ్గర నియోజకవర్గానికి ఊరి పేరు ఉంటుంది, మాది తెనాలి అనో, మాది సిద్దిపేట అనో చెప్పుకుంటాం. ఇక్కడ అంకె తప్ప పేరు ఉండదు, ఆ అంకె కూడా చాలామందికి గుర్తుండదు. నాకైతే ఆ రోజు ఉదయం వరకు అసలు తెలియదు.

బ్యాలెట్ కాగితం మీద పై నుంచి గవర్నరు, లెఫ్టినెంట్ గవర్నరు, అటార్నీ జనరల్ పదవులు వరుసగా ఉన్నాయి. గవర్నరు పోటీలో ఉన్న రాల్ఫ్ నార్తమ్, ఎడ్ గిలెస్పీల గురించి నెలల తరబడి టీవీలో చూసి ఉన్నాను కనుక ఆ అండాకారపు గడిని వెంటనే నింపాను. దాని కింది రెండు పదవులకు కూడా ఓటు వేశాను. ఆ తరువాత హౌస్ ఆఫ్ డెలిగేట్స్ సభ్యుడి వరుస వచ్చింది. అప్పటికే సభ్యుడిగా ఉన్న రిపబ్లికన్ డేవిడ్ యాన్సీ, నగర పాఠశాలల బోర్డు సభ్యురాలైన డెమోక్రాట్ షెల్లీ సైమండ్స్, లిబర్టేరియన్ పార్టీ తరఫున మైకేల్ బార్ట్‌లీ పోటీలో ఉన్నారు. ముగ్గురిలో ఎవరి గురించీ నేను చదివి రాలేదు. తెలియని మనిషికి ఓటు వేయడం కంటే వదిలేయడమే నిజాయితీ అని ఆ నిమిషంలో నిజంగానే అనుకున్నాను. ఆ గడులను ముట్టుకోకుండానే కాగితాన్ని స్కానర్‌లో పెట్టి, చొక్కాకు స్టిక్కరు అంటించుకుని ఆఫీసుకు వెళ్లిపోయాను.

మొదటి లెక్కింపులో యాన్సీ 10 ఓట్ల ఆధిక్యంలో నిలిచారు. తేడా అంత తక్కువగా ఉన్నప్పుడు ఓడిన అభ్యర్థి మళ్లీ లెక్కించమని కోరే హక్కు వర్జీనియా చట్టంలో ఉంది కాబట్టి సైమండ్స్ కోరారు. డిసెంబరు 19న రెండు పక్షాల మనుషులూ ఎదురెదురుగా కూర్చుని లెక్కించారు. సాయంత్రానికి సైమండ్స్‌కు 11,608, యాన్సీకి 11,607 ఓట్లు తేలాయి. ఒక్క ఓటు తేడాతో ఆవిడ గెలిచారన్న వార్త చదివినప్పుడు నేను ఇంట్లో భోజనానికి కూర్చుని ఉన్నాను. కంచంలో చేయి పెట్టినవాణ్ని అలాగే ఆగిపోయాను. మన అమ్మాయికి బడిలో పాఠాలు చెప్పే వ్యవస్థను నడిపే బోర్డులోని మనిషి ఈవిడే కదా, ఆ మాత్రం తెలుసుకోలేకపోయారా అని నా భార్య అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

కథ అక్కడితో ముగియలేదు. ఆ లెక్కింపులో రెండు పక్షాలూ కలిసి చెల్లదని పక్కన పెట్టిన ఒక బ్యాలెట్ గురించి, లెక్కింపులో పాల్గొన్న రిపబ్లికన్ పక్షపు ప్రతినిధి ఒకరు న్యాయస్థానానికి లేఖ రాశారు. ఆ కాగితం మీద యాన్సీ, సైమండ్స్ ఇద్దరి గడులూ నింపి ఉన్నాయి. సైమండ్స్ గడి మీద మాత్రం అడ్డంగా ఒక గీత ఉంది. ఆ గీత కొట్టివేతే అయితే ఓటు యాన్సీది అవుతుంది. అయితే అదే కాగితం మీద గవర్నరు వరుసలో గిలెస్పీ గడిని నింపి, దాని మీద ఇంటూ గుర్తు పెట్టి ఉంది. అక్కడ ఇంటూ అంటే వద్దని అర్థమా, ఇతనే కావాలని అర్థమా అన్నది ఆ ఓటరుకే తెలియాలి. డిసెంబరు 20న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఓటు యాన్సీదేనని తీర్పు చెప్పింది. దానితో ఇద్దరికీ సరిగ్గా 11,608 చొప్పున ఓట్లయ్యాయి.

ఆ బ్యాలెట్ ఫోటో పత్రికల్లో వచ్చినప్పుడు దాన్ని పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. మా నాన్నగారు బడిపంతులు. ఎన్నికల డ్యూటీ పడినప్పుడల్లా ముందు రోజు రాత్రి ఇంట్లో ఒక తెల్ల కాగితం తీసి మాకు చూపించేవారు. స్వస్తిక్ ముద్ర వేసిన తరువాత కాగితాన్ని ముందు నిలువుగా, ఆ పైన అడ్డంగా మడవాలి, తిరగేసి మడిస్తే తడి సిరా పక్క గుర్తు మీద అంటుకుంటుంది, అప్పుడు లెక్కింపు బల్ల దగ్గర ఏజెంట్లు ఆ ఒక్క ఓటు మీద గంటసేపు వాదించుకుంటారు అని చెప్పేవారు. ఓటింగు యంత్రాలు వచ్చాక మన దగ్గర ఆ గొడవ పోయింది. ఇక్కడ కాగితం అలాగే ఉంది, దాని మంచీ చెడూ రెండూ ఉన్నాయి. ఆ ఏడాది సెప్టెంబరులోనే వర్జీనియా ఎన్నికల బోర్డు టచ్‌స్క్రీన్ యంత్రాలను రాష్ట్రమంతటా రద్దు చేసింది. కాగితం చేతిలో ఉండబట్టే మళ్లీ లెక్కించగలిగారు, మనిషి చేతి గీత ఎటు ఒరుగుతుందో తేల్చలేక తడబడ్డారు కూడా.

సమానంగా ఓట్లు వస్తే లాటరీ తీయాలని వర్జీనియా చట్టం చెబుతుంది. ఇది విని మన వాళ్లు చాలామంది ఆశ్చర్యపోతారు గానీ, మన ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. రిటర్నింగ్ అధికారి చీటీ తీసి, వచ్చిన పేరుకు ఒక ఓటు అదనంగా కలుపుతారు. ఇక్కడ 2018 జనవరి 4న, రాజధాని రిచ్‌మండ్‌లో, ఇద్దరి పేర్లూ విడివిడి చీటీల మీద రాసి, పాత కెమెరా ఫిల్ము డబ్బీల్లో పెట్టి, ఒక పింగాణీ గిన్నెలో వేశారు. ఎన్నికల బోర్డు చైర్మన్ జేమ్స్ ఆల్కార్న్ ఒక డబ్బీ తీసి మూత విప్పితే యాన్సీ పేరు వచ్చింది. నేను ఆఫీసులో తలుపు వేసుకుని ప్రత్యక్ష ప్రసారం చూస్తున్నాను. వచ్చిన పేరు మా ప్రాంతపు ఓటర్లు ఎంచుకున్నది కాదన్న సంగతి కంటే, ఆ ఇద్దరిలో నేను ఎవరి పేరు ఎంచుకున్నా ఆ గిన్నె అక్కడికి వచ్చి ఉండేది కాదన్న సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఒక సభ్యుడితో ఒరిగేదేముంది అని మీరు అనుకోవచ్చు. ఆ సభలో మొత్తం 100 స్థానాలు. ఎన్నికకు ముందు రిపబ్లికన్లకు 66, డెమోక్రాట్లకు 34 ఉండేవి. ఆ ఒక్క రాత్రి 15 స్థానాలు చేతులు మారడంతో సభ 51, 49గా నిలిచింది, ఆ 51వ స్థానం మాదే. సైమండ్స్ పేరు వచ్చి ఉంటే 50, 50 అయ్యేది. స్పీకరు ఎవరు, ఏ బిల్లు ఏ కమిటీకి వెళ్లాలి, ఏది కమిటీలోనే ఆగిపోవాలి అన్నవన్నీ రెండు పార్టీలు కూర్చుని పంచుకోవలసి వచ్చేది. అదే సభ 2018 వేసవిలో ప్రభుత్వ వైద్య బీమా పథకమైన మెడికెయిడ్ విస్తరణకు ఒప్పుకుంది. ఏళ్ల తరబడి అడ్డుపడిన పార్టీ నుంచే పలువురు సభ్యులు ఈసారి అనుకూలంగా ఓటు వేయగా, 2019 జనవరి 1 నుంచి సుమారు 4 లక్షల మంది తక్కువ ఆదాయం వారికి వైద్య బీమా అందుబాటులోకి వచ్చింది. ఒక్క ఓటుతో ఓడిపోవచ్చని కళ్లారా చూసిన సభ్యులకు ఇంటి దగ్గరి మాట కాస్త గట్టిగా వినిపించి ఉంటుందని నా నమ్మకం. వాషింగ్టన్ రాజకీయాలు మనం రోజంతా మాట్లాడుకుంటాం గానీ, బడుల నిధులు, రోడ్లు, ఆసుపత్రి బిల్లు, అద్దె ఇంటి చట్టం, ఆఖరికి ఓటు నమోదు నిబంధనలు కూడా రిచ్‌మండ్‌లోనే తయారవుతాయి.

నియోజకవర్గం ఎంత చిన్నదో కూడా చూడండి. 2010 జనగణన ప్రకారం వర్జీనియా జనాభా 80 లక్షలు, అంటే ఒక్కో సభ్యుడికి దాదాపు 80 వేల మంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఒక్కో ఎమ్మెల్యేకు అంతకు మూడు రెట్లకు పైగానే జనం ఉంటారు. అంత పెద్ద నియోజకవర్గాల్లోనే 2014లో మంగళగిరి 12 ఓట్లతో, 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్లతో తేలాయి. ఇక్కడ పరిధి ఇంకా చిన్నది, పైగా గవర్నరు దాకా ఓటు వేసి కింద వదిలేసే నాలాంటివాళ్లు ప్రతి పోలింగు కేంద్రంలోనూ ఉంటారు. ఆ ఖాళీలన్నీ కలిస్తే ఎన్ని ఫలితాలు మారేవో లెక్క కట్టనక్కరలేదు, మా దగ్గర ఒక్కటి చాలేది.

నియోజకవర్గాల సరిహద్దు గీతలు గీయడం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీ నియోజకవర్గం అంకె మీరు ఇల్లు మారకపోయినా మారవచ్చు. 2011లో గీసిన పటంలో 11 నియోజకవర్గాలను జాతి ఆధారంగా రాజ్యాంగ విరుద్ధంగా విభజించారని 2018 జూన్‌లో ఫెడరల్ న్యాయస్థానం తేల్చింది. వాటిని సరిదిద్దేటప్పుడు చుట్టుపక్కల ఉన్న మాది కూడా మారింది. ఆ కొత్త సరిహద్దులతో 2019 నవంబరులో అదే ఇద్దరు మళ్లీ పోటీ పడ్డారు. ఈసారి సైమండ్స్ స్పష్టంగా గెలిచారు, రెండు సభలూ డెమోక్రాట్ల చేతికి వచ్చాయి. హైదరాబాదులో పుట్టిన గజాలా హాష్మీ రిచ్‌మండ్ శివార్ల నుంచి రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికైనది కూడా ఆ ఎన్నికలోనే. 2025లో ఆవిడ లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యారు. బ్యాలెట్‌లో కింది వరుసలో ఉన్న పేరు అక్కడే ఉండిపోదని చెప్పడానికి ఆవిడ పేరు తలచుకున్నాను. 2020 జనగణన తరువాత పటం మొత్తం మళ్లీ గీశారు, అంకెలన్నీ కొత్తవయ్యాయి.

నేను 2019 నుంచి ప్రతి నవంబరులో పోలింగు కేంద్రంలో పనిచేస్తున్నాను. చిన్న శిక్షణ ఇస్తారు, ప్రమాణం చేయిస్తారు, ఉదయం 5 గంటలకు వెళ్లాలి, 6కు తలుపులు తెరిచి రాత్రి 7కు మూస్తాం. ఒకసారి ఒక పెద్దావిడ, అంచు చీర మీద చలికోటు వేసుకుని, మనవరాలి వెంట వచ్చారు. గడులు నింపే బల్ల దగ్గర చాలాసేపు నిలబడి, చీర కొంగుతో కాగితాన్ని రుద్దుతుంటే చూసి దగ్గరకు వెళ్లాను. కాగితం చూడకుండా పక్కకు నిలబడి, ఏమైందమ్మా అని తెలుగులో అడిగాను. ఆవిడ ముఖం వెలిగింది. "పొరపాటున పక్క గడి నింపేశాను నాయనా, చెరపవచ్చా?" అన్నారు. చెరపవద్దమ్మా, గీత కూడా కొట్టవద్దు, ఇది తిరిగి ఇచ్చేయండి, కొత్త కాగితం ఇస్తాం అని చెప్పాను. "ఉత్తినే ఇస్తారా?" అని రెండుసార్లు అడిగారు. పాతదాన్ని చెల్లదని గుర్తించి కవరులో వేసి, కొత్తది ఆవిడ చేతికి ఇచ్చాం. ఈసారి ఒక్కొక్క గడినీ నోట్లో చదువుకుంటూ, చివరి వరుస దాకా నింపుకుని స్కానర్ దగ్గరకు నడిచారు. 2017లో ఆ రెండు గడులూ నింపిన ఓటరు కూడా ఇలా అడిగి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనుకుంటాను.

మీరు చేయవలసిన పని అరగంటకు మించదు. రాష్ట్ర ఎన్నికల విభాగం వెబ్‌సైటులో మీ చిరునామా ఇస్తే మీ హౌస్, సెనేట్ నియోజకవర్గాల అంకెలు కనిపిస్తాయి. నమూనా బ్యాలెట్ ముందే చూసుకుని, తెలియని పేర్లున్న వరుసల దగ్గర ఆగి, వాళ్లు బడుల గురించి, వైద్యం గురించి ఏమన్నారో ఒక్కసారి చదవండి. హౌస్ ఎన్నిక రెండేళ్లకోసారి, సెనేట్ ఎన్నిక నాలుగేళ్లకోసారి వస్తుంది, రెండూ బేసి సంవత్సరాల్లోనే. అధ్యక్ష ఎన్నిక లేని ఏడాది కదా అని మరచిపోయేవారు ఎక్కువ కనుక క్యాలెండరులో రాసుకోండి. ఎన్నికకు 45 రోజుల ముందు నుంచే ముందస్తు ఓటింగు ఉంటుంది కాబట్టి ఆఫీసు పని అడ్డమన్న ఇబ్బంది లేదు. నమోదు గడువు దాటినా, ఓటు వేసే రోజునే నమోదు చేసుకుని, తరువాత అర్హత సరిచూసి లెక్కించే తాత్కాలిక బ్యాలెట్ వేసే వీలు 2022 నుంచి ఉంది. ఎవరూ నచ్చక, చదివి ఆలోచించిన తరువాత వదిలేస్తే అది మీ ఇష్టం. తెలియక మాత్రం వదిలేయకండి. మీ నియోజకవర్గం అంకె ఇక్కడ చెబితే, ఈసారి అక్కడ ఎవరెవరు పోటీలో ఉన్నారో, వాళ్ల ప్రసంగాలు ఎక్కడ దొరుకుతాయో చూసి చెబుతాను. ఎవరికి వేయాలో మాత్రం అడగకండి, అది నేను చెప్పను.