చదువు – సందేహం

ప్రశ్న: ఆరో తరగతి చదువుతున్న మా అబ్బాయి, పేరా చదివి నాలుగు జవాబుల్లో సరైనది గుర్తించే హోంవర్కులో తరచూ తప్పులు చేస్తున్నాడు. సరైన జవాబు నేనే చెప్పేయవచ్చా?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చెప్పకండమ్మా. ఏ వాక్యం చూసి ఆ జవాబు పెట్టాడో వేలు పెట్టి చూపించమనండి. ఉదాహరణకు, కృష్ణానదిపై పాత ఆనకట్ట 1855లో పూర్తయిందనీ, దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయిందనీ పేరాలో ఉంటే, బ్యారేజీ సంవత్సరం అడిగినప్పుడు తొందరపడే పిల్లలు ముందు కనబడిన 1855నే గుర్తిస్తారు. తప్పు జవాబులను సైతం పేరాలోని మాటలతోనే తయారుచేస్తారు మరి. అందుచేత ముందు ప్రశ్న, తర్వాత పేరా చదివించి, ఆప్షన్లను చేత్తో మూసి, సొంత మాటల్లో జవాబు చెప్పించండి. ‘సరికానిది ఏది’ అన్న ప్రశ్న వస్తే ‘సరికానిది’ కింద గీత గీయించండి.