అంతా ల్యాబులే అయితే హిస్టరీ వాళ్లకి పనేంటి?

ప్రశ్న: మావాడు బీఏ హిస్టరీ చేసి ఆర్కియాలజీకి వెళ్తానంటున్నాడు. ఇప్పుడంతా ల్యాబ్ టెస్టులే కదండీ, సైన్స్ చదవనోడికి అక్కడ పనుంటుందా? – ఓ తల్లి, కర్నూలు

జవాబు: భేషుగ్గా ఉంటుందమ్మా. మన దక్షిణాదిలో కొత్తరాతియుగం నాటి బూడిద దిబ్బల సంగతే చూడండి, పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఒకదాన్ని 1957లో బ్రిటిష్ ఆర్కియాలజిస్ట్ ఆల్చిన్ తవ్వాడు. ఇలాంటి దిబ్బల్ని జనం రాక్షసుల్ని కాల్చిన చోటన్నారు, కొందరు పెద్ద పండితులేమో ఇనుము కరిగించిన చోటన్నారు (నాకైతే రాక్షసుల కథే నచ్చింది). 1960లో జూనర్ అనే శాస్త్రవేత్త బళ్లారి వైపు దిబ్బల బూడిదని పరీక్షించి, ఇది బాగా వేడికి కాలిన పశువుల పేడ అని తేల్చాడు, ఉట్నూరులో గిట్టల గుర్తులు, దొడ్డి కంచె గుంజల గుంతలు కూడా దొరికాయి. సరే, పేడే. మరి పొలానికి పనికొచ్చే పేడని కుప్పపోసి మళ్లీ మళ్లీ ఎందుకు తగలబెట్టినట్టు? ఆ జవాబు టెస్ట్ ట్యూబులో రాదు కదా, అందుకే ఆల్చిన్ హోలీ, సంక్రాంతి లాంటి మంటల పండగల వైపు చూశాడు, పశువుల్ని మంట దాటించే ఆచారాలు ఇప్పటికీ కొన్నిచోట్ల ఉన్నాయి మరి. అది పండగేనని అందరూ ఒప్పుకోరు, వాదన నడుస్తూనే ఉంది. మీవాణ్ణి వెళ్లనివ్వండి, కాకపోతే కాస్త కెమిస్ట్రీ బేసిక్స్, కార్బన్ డేటింగ్ (పాత వస్తువుల వయసు తేల్చే పరీక్ష) రిపోర్ట్ చదవడం నేర్చుకోమనండి.