న్యూజెర్సీలో మెడికల్ మాగ్నెట్ హైస్కూల్‌కి అప్లై చేయడం ఎలా? ఎడిసన్‌లో ఉంటూ బెర్గెన్ అకాడమీస్‌కి పంపొచ్చా?

పంపలేరు. మాగ్నెట్ బడి అంటే వైద్యం లాంటి ఒక ప్రత్యేక రంగం మీద దృష్టి పెట్టే బడి. ఇవి కౌంటీ (మన జిల్లాలాంటిది) బడులు, మీరు ఏ కౌంటీలో ఉంటే ఆ కౌంటీ బడికే అప్లై చేయాలి. హాకెన్‌సాక్‌లోని బెర్గెన్ కౌంటీ అకాడమీస్‌లో మెడికల్ సైన్స్ విభాగం బెర్గెన్ నివాసులకే. ఎడిసన్ మిడిల్‌సెక్స్ కౌంటీలోది కాబట్టి మీరు చూడాల్సింది వుడ్‌బ్రిడ్జ్‌లోని అలైడ్ హెల్త్ అండ్ బయోమెడికల్ సైన్సెస్ అకాడమీ. ప్రభుత్వ బడి, ట్యూషన్ ఫీజు లేదు.

పిల్లలు 8వ తరగతిలో ఉన్నప్పుడే, తొమ్మిదిలో చేరడానికి అప్లై చేయాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: ఎనిమిదిలో గట్టిగా చదివితే చాలనుకుంటారు, కానీ 7వ తరగతి మార్కులూ లెక్కలోకి వస్తాయి. ఇంగ్లీషు, లెక్కల్లో ప్రవేశ పరీక్ష ఉంటుంది. బయాలజీ కోచింగ్‌కి డబ్బు పోయకండి, ఆల్జీబ్రా గట్టిచేయండి.

చిరునామా రుజువుకు లీజు, కరెంటు బిల్లు ముందే తీసి పెట్టుకోండి. మార్కుల పత్రాలు బడి నుంచి వెళ్లాలి కాబట్టి గడువుకు కొన్ని వారాల ముందే కౌన్సెలర్‌కి చెప్పండి. చివరి రోజు అడిగితే వాళ్ల చేతిలోనూ ఏం ఉండదు. గడువు తేదీ ఏటా మారొచ్చు, సెప్టెంబరు నుంచే కౌంటీ వెబ్‌సైట్ చూస్తుండండి.

ఇక్కడ చదివితే మెడికల్ సీటు ఖాయమేమీ కాదు. ఆ తర్వాత డిగ్రీ, ఎమ్‌క్యాట్ (మెడికల్ కాలేజీ ప్రవేశ పరీక్ష) మామూలే.